కుక్కపిల్లకు పడకశుభ్రత నేర్పినదెవరు?

కామారెడ్డి నుంచి నిజామాబాదు వైపు పోయే జాతీయ రహదారి మీద సదాశివనగర్ ఉన్నది. ఆ పరిసరాలలోనే, 2016లో కొత్తగా ఏర్పడిన రామారెడ్డి మండలంలో, ఇసన్నపల్లి కాలభైరవస్వామి ఆలయం ఉన్నది. భైరవునికి వాహనం శునకం. గుడిలో భైరవునికి మొక్కే చేతులే, ఇంటికి తెచ్చుకున్న రెండు నెలల కుక్కపిల్ల రాత్రివేళ గచ్చు తడిపితే చీపురు అందుకొంటాయి. కొందరు దాని ముక్కును ఆ తడిలో పెట్టి రుద్దుతారు. కొందరు వారం పది రోజులు చూసి, ఇది మాట వినే జాతి కాదని తీర్మానించి, సంచిలో వేసుకొని పోయి ఊరి చివర వదిలి వస్తారు. అలా వదిలిన పిల్ల ఎక్కువ రోజులు బ్రతకదు.

ఈ శిక్ష వెనుక ఒక నమ్మకం ఉన్నది. కుక్కకు శుచి శుభ్రత పుట్టుకతో లేవని, వాటిని మనిషే బలవంతాన నేర్పాలని ఆ నమ్మకం. శునకాన్ని సింహాసనం ఎక్కించినా దాని గుణం మానదన్న నీతి మన శతకాలలో ఉండనే ఉన్నది. ఈ నమ్మకం ఎంతవరకు నిజం? కుక్క చరిత్రను, కుక్కపై జరిగిన పరిశోధనల చరిత్రను పరిశీలిస్తే సమాధానం దాదాపు తలక్రిందులుగా కనిపిస్తుంది. పడుకొనే చోటును శుభ్రంగా ఉంచుకోవటం కుక్కకు మనం పెట్టిన బుద్ధి కాదు. అది దాని పుట్టుక గుణమే.

తోడేలు గుహ నుంచి మనిషి గుడిసెకు

పెంపుడు కుక్క పూర్వీకుడెవరనే విషయంలో శాస్త్రజ్ఞులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. కుక్కలలో ఇన్ని ఆకారాలు ఉండటం చూసి, అవి ఒకటికంటె ఎక్కువ అడవి జాతుల నుంచి వచ్చి ఉంటాయని డార్విన్ భావించాడు. కొన్ని కుక్కలు నక్క జాతికి చెందిన జకాల్ సంతతివని కాన్రాడ్ లోరెంజ్ కొంతకాలం అనుకొని, తరువాత ఆ అభిప్రాయాన్ని విడిచిపెట్టాడు. 1997లో ప్రచురితమైన డి.ఎన్.ఏ. పరిశోధనతో సందేహం తీరిపోయింది. కుక్కలన్నీ తోడేలు సంతతే. కనీసం 15,000 సంవత్సరాల క్రితమే ఈ స్నేహం మొదలయిందని అంచనా.

తోడేలు తన పిల్లలను నేలలోని బొరియలోనో, రాతి గుహలోనో కంటుంది. చలి నుంచి, శత్రువుల నుంచి రక్షణ ఇచ్చే ఆ ఇరుకు చోటులో మలమూత్రాలు పేరుకుంటే ఏమవుతుంది? క్రిములు పెరుగుతాయి, వాసన పసిగట్టి ఇతర జంతువులు వస్తాయి, తడిసిన పిల్లలు చలికి చనిపోతాయి. పడకను శుభ్రంగా ఉంచుకొనే తల్లుల పిల్లలే ఎక్కువగా బ్రతికాయి. తరతరాల ఈ ఎంపిక ఫలితంగా ఆ అలవాటు రక్తంలో ఇంకిపోయింది. కుక్క మనిషి దగ్గరకు వచ్చేటప్పుడు ఈ ఆస్తిని వెంట తెచ్చుకొన్నది.

మరి మనిషి ఆ పిల్లను ఎలా చూశాడు? దీనికి ఒక హృదయంగమమైన సాక్ష్యం ఉన్నది. జర్మనీలోని బాన్ నగరం దగ్గర ఒబెర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్ళు త్రవ్వుతుండగా, సుమారు 14,000 సంవత్సరాల నాటి సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్క ఎముకలు ఉన్నాయి. అది ఏడు నెలల వయసు పిల్ల. దాని పళ్ళను పరీక్షించిన పరిశోధకులు 2018లో ఒక విషయం వెల్లడించారు. ఆ పిల్ల తన అయిదవ నెల ప్రాంతంలో డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన జబ్బుతో వారాల తరబడి బాధపడింది. ఆ జబ్బులో వాంతులు, విరేచనాలు, జ్వరం తప్పవు. ఎవరో దానిని వెచ్చగా ఉంచి, నీళ్ళు తాగించి, మాటిమాటికి శుభ్రం చేస్తేనే తప్ప అన్నాళ్ళు బ్రతకటం సాధ్యం కాదని వారి అభిప్రాయం. వేటకు పనికిరాని ఒక రోగిష్టి పిల్ల మలమూత్రాలను ఎత్తిపోసిన మనిషి, వ్యవసాయం కూడా తెలియని ఆ రాతియుగంలోనే ఉన్నాడన్న మాట!

వాకిలి ఉన్న రోజులు

మన దేశంలోను కుక్కకు ప్రాచీన చరిత్ర ఉన్నది. ఋగ్వేదంలో దేవతల ఆవులను వెదకిపెట్టిన ఆడకుక్క పేరు సరమ. ఆమె సంతానం కాబట్టే కుక్కకు సారమేయమని పేరు వచ్చింది. కౌటిల్యుని అర్థశాస్త్రం పచ్చిక బీళ్ళలో తిరిగి దొంగలను, శత్రువులను కనిపెట్టేందుకు వేటకుక్కలు గల బోయలను నియమించమంటుంది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో సారమేయ వినోదమని వేటకుక్కలకు ఒక ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. తెలంగాణంలో చాలాభాగం ఆనాడు ఆ చాళుక్యుల అధికారం క్రింద ఉండేది.

అయితే వేటకుక్కైనా, గొర్రెల మందకు కాపలా కుక్కైనా, జొన్నచేను దగ్గర మంచె క్రింద పడుకొనే కుక్కైనా, వీటిలో దేనికీ రాత్రి శిక్షణ అనే సమస్య రాలేదు. పల్లెటూళ్ళో కుక్కపిల్ల గడ్డివాము పక్కనో, పశువుల కొట్టంలోనో, అరుగు క్రిందనో పడుకొనేది. అవసరం కలిగితే లేచి నాలుగడుగులు నడిచి, పని ముగించుకొని, తిరిగి వచ్చి పడుకొనేది. తలుపు లేదు కాబట్టి తప్పు లేదు.

తలుపు వచ్చిన తరువాతనే తప్పు పుట్టింది. ఐరోపాలో 19వ శతాబ్దంలో పట్టణాలు పెరిగి, మధ్యతరగతి ఇళ్ళలో ముచ్చటకు కుక్కలను పెంచటం వ్యాపించింది. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరంలో మొదటి కుక్కల ప్రదర్శన జరిగింది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు వెలసింది. కుక్క వాకిటి నుంచి పడకగదిలోకి వచ్చింది. మన దగ్గర ఈ మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. పెంకుటిల్లు, పెద్ద వాకిలి పోయి, నున్నని బండలు పరచి రాత్రి తాళం వేసుకొనే ఇళ్ళు చిన్న ఊళ్ళలో కూడా వెలిశాయి. ఇంటి రూపం మారింది కాని కుక్కపిల్ల శరీరం మారలేదు. రాత్రి గచ్చు మీద కనిపించే తడికి మూలకారణం ఇదే.

బార్ హార్బరు పరిశోధన

కుక్కపిల్ల పెరుగుదలను మొదటిసారిగా దినదినము లెక్కపెట్టి వ్రాసినవారిలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ముఖ్యులు. మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బరులో జాక్సన్ ప్రయోగశాలలో, 1940 దశకం నుంచి రెండు దశాబ్దాల పాటు, అయిదు జాతుల కుక్కలపై వారు పరిశీలనలు జరిపారు. ఫలితాలను 1965లో గ్రంథరూపంలో వెలువరించారు.

అప్పుడే పుట్టిన కుక్కపిల్ల తనంత తానుగా మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి నాలుకతో పొత్తికడుపు క్రింద నాకినప్పుడే ఆ ప్రతిచర్య కలుగుతుంది. విసర్జించిన దానిని తల్లే నాకివేస్తుంది. కాబట్టి పడక పొడిగా ఉంటుంది. రెండు వారాలకు కళ్ళు విప్పి, మూడవ వారంలో తడబడుతూ నడవటం రాగానే, పిల్లలు పడక విడిచి కొంచెం అవతలికి పోయి విసర్జించటం మొదలుపెడతాయి. వాటికి ఆ పని ఎవరూ నేర్పరు. సుమారు ఎనిమిదిన్నర వారాలు వచ్చేసరికి, ఎక్కడబడితే అక్కడ కాక, ఒక నిర్ణీత స్థలాన్ని ఎన్నుకొని అక్కడికే పోవటం ఆరంభిస్తాయి. ఆ స్థలాన్ని వాసనతోను, కాలి క్రింది నేల స్పర్శతోను గుర్తుపెట్టుకొంటాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పిల్లను మనం సాధారణంగా తల్లి నుంచి వేరుచేసి తెచ్చుకొనేది ఎప్పుడు? సరిగా ఈ ఎనిమిదవ వారం ప్రాంతంలోనే! అనగా, స్థలాన్ని ఎన్నుకొనే వయసులోనే అది మన చేతికి వస్తున్నది. అప్పుడు పెరటిలోని మట్టి చూపిస్తే మట్టిని నేర్చుకొంటుంది. తలుపు మూసి గచ్చు మాత్రమే చూపిస్తే గచ్చునే నేర్చుకొంటుంది. నేర్చుకోవటంలో లోపం లేదు, మనం చూపిన చోటులో ఉన్నది. దీనికి వేరొక రుజువు కూడా కలదు. బయటికి పోయే దారి లేని ఇరుకు పంజరాలలో, తమ మలంలోనే పడుకోక తప్పని స్థితిలో పెరిగిన పిల్లలు ఈ సహజమైన శుభ్రతను చాలావరకు పోగొట్టుకొంటాయి. అటువంటి పిల్లకు రాత్రి శిక్షణ ఎంతో కష్టం.

రాత్రి ఎందుకు ఆపుకోలేదు?

పిల్ల మూత్రాశయం చిన్నది. దాని ద్వారాన్ని మూసి ఉంచే కండరాలపై మెదడుకు ఇంకా పూర్తి అదుపు రాదు. మూత్రపిండాలు కూడా పసివే. పెద్ద కుక్క మూత్రపిండాలు నీటిని తిరిగి పీల్చుకొని మూత్రాన్ని చిక్కబరచగలవు. ఈ పనికి ఆజ్ఞ ఇచ్చే హార్మోను వాసోప్రెసిన్. దాని నిర్మాణాన్ని కనిపెట్టి, ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నో 1955లో నోబెల్ బహుమానం అందుకొన్నాడు. పసిపిల్లల మూత్రపిండాలకు ఈ చిక్కబరచే శక్తి తక్కువ. అందుచేత పలుచని మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకంటె ఆపుకోలేదు. నిద్రలో మరికొంచెం సేపు ఆగుతుంది. నాలుగు నెలలు నిండేసరికి చాలా పిల్లలు రాత్రంతా ఆగగలుగుతాయి. ఇది వయసుతో వచ్చే శక్తే కాని, దెబ్బతో వచ్చేది కాదు.

మనుష్య శిశువుకు కూడా ఈ సత్యం వర్తిస్తుంది. అయిదారేళ్ళు దాటినా పక్క తడిపే పిల్లలు ప్రతి ఊరిలోను ఉంటారు. వారిని సోమరులని నిందించటం పాత ఆచారం. 1938లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హోబర్ట్ మౌరర్, ఆయన భార్య విల్లీ మే మౌరర్, పక్క తడిసిన వెంటనే గంట మ్రోగే పరికరంతో పిల్లలకు తోడ్పడవచ్చునని చూపారు. నిందకు చోటు లేని ఈ పద్ధతికి ఆధారం రష్యాలో కుక్కలపై జరిగిన ప్రయోగాలు.

పావ్లోవ్ గంట, స్కిన్నర్ చప్పుడు

ఆ ప్రయోగాలు ఇవాన్ పావ్లోవ్ చేసినవి. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానం పొందిన ఈ శాస్త్రజ్ఞుడు, తిండికి ముందుగా వచ్చే సంకేతానికే కుక్క నోట లాలాజలం ఊరటం గమనించాడు. రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగితేనే వాటికి ముడి పడుతుందని ఆయన ప్రయోగాల సారాంశం. తృప్తినిచ్చే ఫలితం కలిగిన చర్య మళ్ళీ మళ్ళీ జరుగుతుందని అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే నిరూపించాడు. బి. ఎఫ్. స్కిన్నర్ 1951లో వ్రాసిన ఒక జనరంజక వ్యాసంలో, కుక్క సరియైన పని చేసిన క్షణంలోనే టిక్కుమనే ఆటబొమ్మను నొక్కి, వెంటనే తిండి పెట్టి ఎలా నేర్పవచ్చునో సామాన్యులకు వివరించాడు.

ఈ నియమాలను మన ఇంటికి అన్వయించి చూడండి. పిల్ల రాత్రి రెండు గంటలకు గచ్చు తడిపింది. యజమాని తెల్లవారి అయిదు గంటలకు చూసి కొట్టాడు. మూడు గంటల వెనుకటి పనికి, ఈ దెబ్బకు పిల్ల మెదడులో ముడి ఎలా పడుతుంది? అది నేర్చుకొనేది ఒక్కటే: తెల్లవారుజామున యజమాని దగ్గరకు రావటం అపాయం. తడుపుతుండగా పట్టుకొని కొట్టినా ప్రయోజనం లేదు. మనిషి ఎదుట విసర్జించటం ప్రమాదమని నేర్చుకొని, మంచం క్రిందనో, తలుపు వెనుకనో దాగి పని కానిస్తుంది. బయటికి తీసుకుపోయినా మన ఎదుట చేయదు.

"తప్పు చేసినట్లు దానికి తెలుసు, చూడండి తల ఎలా దించుకొన్నదో" అని కొందరంటారు. దీనిని కూడా పరీక్షించారు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, కుక్క నిజంగా తప్పు చేసినా చేయకపోయినా, యజమాని కోపగించినప్పుడే ఆ దీనమైన చూపు కనిపించింది. తప్పు చేయని కుక్కలు కూడా తిట్లకు తల దించాయి. అది మన ముఖంలో కోపం చూసి కలిగిన బెదురే కాని పశ్చాత్తాపం కాదు.

వాసన చెప్పే అబద్ధం

గచ్చు తుడిచినా పిల్ల మళ్ళీ అక్కడికే పోతుందెందుకు? దీనికి రసాయన శాస్త్రం సమాధానం చెబుతుంది. మూత్రంలో యూరియా ఉన్నది. ఈ యూరియానే 1828లో ఫ్రెడరిక్ వోలర్ ప్రయోగశాలలో తయారుచేసి, మనిషిదిగాని కుక్కదిగాని మూత్రపిండం అవసరం లేకుండానే దానిని చేశానని తన గురువు బెర్జీలియస్‌కు ఉత్సాహంగా వ్రాశాడు. గచ్చుమీద మిగిలిన యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టగా అమోనియా వెలువడుతుంది. మన ముక్కుకు అందని ఆ కొద్దిపాటి వాసన, ఎన్నో రెట్లు చురుకైన కుక్క ముక్కుకు "ఇదే నీ స్థలం" అని చెబుతుంది. అమోనియా కలిసిన శుభ్రపరచు ద్రవాలు వాడితే ఈ గుర్తు ఇంకా గట్టిపడుతుంది. సబ్బునీటితో కడిగి, తరువాత నీరు కలిపిన వెనిగరుతో తుడిచి, బాగా ఆరబెట్టటం మంచిది. మూత్రపు మరకలను విడగొట్టే ఎంజైము ద్రవాలు కూడా దొరుకుతున్నాయి.

ఆచరణలో

ఇంతవరకు చెప్పిన చరిత్రను ఆచరణలో పెట్టాలంటే కొన్ని విషయాలు గుర్తుంచుకొంటే చాలు. రాత్రి తిండి నిద్రకు రెండు మూడు గంటల ముందే పెట్టాలి. తిన్న కొద్దిసేపటికే పేగులు కదలి విసర్జన జరగటం సహజం. నీటిని మాత్రం ఎండాకాలంలో ఆపరాదు. పడుకొనే ముందు పెరటిలో ఒకే మూలకు తీసుకుపోయి, పని అయిన క్షణంలోనే మెచ్చుకొని చిన్న తినుబండారం పెట్టాలి.

పడకకు గంపగాని, చెక్కపెట్టెగాని తీసుకొని గోనెసంచి పరవాలి. పిల్ల పడుకొని, లేచి, తిరిగేంత చోటు చాలు. అది తోడేలు బొరియకు ప్రతిరూపం. మరీ పెద్దదైతే ఒక మూల పడకగా, ఇంకొక మూల మరుగుదొడ్డిగా మారుతుంది. దానిని మన మంచం దగ్గరే ఉంచాలి. కొత్తచోట ఒంటరిగా విడిచిన పిల్లలు తీవ్రంగా అరుస్తాయని ఎలియట్, స్కాట్ 1961లో తమ పరిశోధనలో వివరించారు. దగ్గర ఉంటే ఒంటరితనపు ఏడుపు తగ్గుతుంది. నిద్రలేచి కదిలితే మనకు తెలుస్తుంది. అది మూలుగుతూ నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే, దీపం పెద్దది చేయక, ఆటలాడక, మౌనంగా ఎత్తుకొని ఆ మూలకే తీసుకుపోవాలి. పని కాగానే మళ్ళీ పడకలో వదలాలి. రెండవ నెలలో రాత్రికి రెండుసార్లు, మూడవ నెలలో ఒకసారి లేవవలసి రావచ్చును. తరువాత ఆ అవసరం తీరిపోతుంది.

ఆ మూల మన పెరటిలోనే ఉండటం మేలు. 1978లో ప్రపంచానికి తెలిసివచ్చిన పార్వో వ్యాధి, రోగి కుక్క మలం పడిన మట్టిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలో ఇతర కుక్కలు తిరిగే చోట విడవటం ప్రమాదం. పిల్ల మలంలో మనుషులకు, ముఖ్యంగా చిన్నపిల్లలకు, సోకే ఏలికపాముల గ్రుడ్లు ఉండవచ్చు. కాబట్టి మలాన్ని వెంటవెంటనే ఎత్తి పూడ్చి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పశువైద్యుని సలహాపై పురుగుల మందు వేయించాలి.

పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయులు దీనినొక చిన్న పరిశోధనగా చేయించవచ్చును. ఇంట్లో కుక్కపిల్ల ఉన్న విద్యార్థి రెండు వారాలపాటు అది తిన్న వేళ, నిద్రపోయిన వేళ, విసర్జించిన వేళ ఒక పుస్తకంలో గుర్తించి, గ్రాఫు గీయాలి. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడిన వెంటనే గుర్తులు గుమిగూడటం, రాత్రిళ్ళ మధ్య వ్యవధి క్రమంగా పెరగటం కంటికి కనిపిస్తాయి. కోపానికి బదులు లెక్క చేతికి వస్తుంది.

రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రారంభించిన కృషి ఫలితంగా 1960లో జంతు హింసా నివారణ చట్టం వచ్చింది. జంతువును అనవసరంగా కొట్టడం, అది బాధల పాలయ్యేటట్లు విడిచిపెట్టడం ఆ చట్టం ప్రకారం నేరాలు. అయితే చట్టానికి భయపడి మానటంకంటె, విషయం తెలిసి మానటం మేలు. శునకం తన గుణం మానదన్న మాట నిజమే. పడకను తడపకుండా ఉండాలనే గుణం కూడా దానిదే. తలుపు మనది, రాత్రి లేచి ఆ తలుపు తీయటమే మన వంతు.